మూడుల్ (ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్)లో అందరూ వంద శాతం పూర్తి, క్లాసులో సగం మందికి లెక్క రాదు. రిపోర్ట్ ఏం రాయాలి?

కామర్స్ లెక్చరర్, డిగ్రీ కాలేజీ:
పొద్దుట్నుంచి దీని మీదే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. ఆన్‌లైన్ పాఠాల క్వాలిటీ రిపోర్ట్ సోమవారం ఐక్యూఏసీకి (కాలేజీ అంతర్గత నాణ్యతా విభాగానికి) ఇవ్వాలి. కంప్లీషన్ రిపోర్ట్ తీస్తే సెక్షన్ మొత్తానికీ వంద శాతం. క్విజ్‌లో అందరికీ పదికి 9, 10. అదే తరుగుదల లెక్క క్లాసులో ఇస్తే సగం మంది పెన్ను కదపరు. ఈ అంకెల కింద సంతకం పెట్టడానికి మనసొప్పడం లేదు. సెట్టింగ్స్ అన్నీ చూశాను. లోపం ఎక్కడుందో ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

దూరవిద్య సమన్వయకర్త:
మేడమ్, ముందు ఒక విషయం. ఆన్‌లైన్ నాణ్యత చూడాల్సింది ఐక్యూఏసీ కాదు, సీఐక్యూఏ, అంటే దూరవిద్య, ఆన్‌లైన్ ప్రోగ్రాములకు ఉండే అంతర్గత నాణ్యతా కేంద్రం. యూజీసీ 2020 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. వీడియో, చదువుకునే మెటీరియల్, స్వీయ పరీక్ష, చర్చ, ఈ నాలుగూ ఉంటేనే అది ఆన్‌లైన్ కోర్సు. చాలా కాలేజీల్లో వీడియో ఒక్కటి పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. మీ దగ్గర చర్చా విభాగం ఉందా? అందులో అధ్యాపకులు జవాబులిస్తున్నారా?

మూడుల్ అడ్మిన్:
వీడియో ఎలా పెట్టారు? కంప్లీషన్ కండిషన్ ఏమిటి?

కామర్స్ లెక్చరర్:
మామూలుగానే పెట్టానండీ.

మూడుల్ అడ్మిన్:
మామూలుగా అంటే?

స్వయం మెంటర్:
స్వయంలో (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల పద్ధతి చూడండి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. ఆ పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్ జవాబులు వాట్సాప్‌లో తిరుగుతాయని అందరికీ తెలుసు, అక్కడ ఎక్కువ బరువు పరీక్ష మీదే ఉంది. ఇంట్లో రాసిన క్విజ్ మార్కు ఒక్కదాన్నే చూసి నాణ్యత తేల్చకూడదు.

దూరవిద్య సమన్వయకర్త:
స్వయం వేరు, కాలేజీ సొంతంగా నడిపే ఆన్‌లైన్ కోర్సు వేరు.

స్వయం మెంటర్:
అసలు మేడమ్ వాళ్లది ఆన్‌లైన్ కోర్సే కాదు సార్. రోజూ క్లాసు జరిగే రెగ్యులర్ డిగ్రీ, దానికి తోడుగా మూడుల్. మీ సీఐక్యూఏ పూర్తి ప్రోగ్రామునే దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో నడిపేవాళ్లకి. ఇక్కడ ఐక్యూఏసీ అడగడం సరైనదే.

దూరవిద్య సమన్వయకర్త:
ఏ పేరు పెట్టినా పిల్లవాడికి అందే పాఠం ఒకటే కదా. నాలుగు భాగాలూ ఉండాల్సిందే అంటాను.

కామర్స్ లెక్చరర్:
వీడియోలు యూట్యూబ్ లింకులు, యూఆర్ఎల్‌గా పెట్టాను. కండిషన్ ‘వ్యూ’. క్విజ్ ఎన్నిసార్లైనా రాయొచ్చు, రాయగానే జవాబులు కనిపిస్తాయి. అందరూ అలాగే పెడతారు కదా?

మూడుల్ అడ్మిన్:
కారణం అక్కడే ఉంది. యూఆర్ఎల్‌కి ‘వ్యూ’ పెడితే లింక్ నొక్కగానే పూర్తయినట్టు పడుతుంది. వీడియో యూట్యూబ్‌లో ఆడుతుంది కాబట్టి ఎంతసేపు చూశారో మూడుల్‌కి తెలియదు. అదే వీడియోని మూడుల్‌లోని హెచ్5పీ టూల్‌తో ఇంటరాక్టివ్ వీడియోగా పెట్టి మధ్యలో రెండు మూడు ప్రశ్నలు ఇవ్వండి, కంప్లీషన్‌ని మార్కుకి కట్టండి. క్విజ్‌లో రివ్యూ ఆప్షన్స్‌కి వెళ్లి సరైన జవాబులు క్విజ్ మూసేశాకే కనిపించేలా మార్చండి. ప్రశ్నలు క్వశ్చన్ బ్యాంక్ నుంచి రాండమ్‌గా రానివ్వండి. రిపోర్ట్ కోసం క్విజ్ రిజల్ట్స్‌లో స్టాటిస్టిక్స్ తెరవండి. ఫెసిలిటీ ఇండెక్స్, అంటే ఒక ప్రశ్నకు సగటున వచ్చిన మార్కు శాతం, నూటికి దగ్గరగా ఉంటే ఆ ప్రశ్న లెక్క వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ వేరు చేయడం లేదు. ఎంతసేపట్లో రాశారో కూడా అక్కడే గ్రేడ్స్ పట్టికలో ఉంటుంది. నిమిషంలో పది లెక్కలు ఎవరూ కట్టలేరు.

ఫిజిక్స్ సార్, ఏజెన్సీ ప్రాంతం:
హెచ్5పీ మంచిదే కానీ యూట్యూబ్ వీడియో నెట్ లేకుండా ఆడదు. మా పిల్లలు సిగ్నల్ కోసం ఊరి బయటికి వస్తారు. ఇలా కడితే పాఠం శ్రద్ధగా చదివిన పిల్ల కూడా ‘అసంపూర్తి’ కింద పడుతుంది. పీడీఎఫ్ నోట్స్, చిన్న ఆడియో కూడా పెట్టండి. రిపోర్ట్‌లో ఆ సంగతి ఒక వాక్యమైనా రాయండి మేడమ్, లేకపోతే తప్పు వాళ్ల మీదికే పోతుంది.

దూరవిద్య సమన్వయకర్త:
చర్చా విభాగం ఉందో లేదో మేడమ్ ఇంకా చెప్పలేదు.

కామర్స్ లెక్చరర్:
స్టాటిస్టిక్స్ దొరికింది, పదిలో ఎనిమిది ప్రశ్నలు వందే చూపిస్తున్నాయి. రివ్యూ మార్చాను. థ్యాంక్సండీ. పోయిన నెల క్విజ్ మార్కులు ఇంటర్నల్స్‌లో ఇప్పటికే ఎక్కించేశారు, వాటినేం చేయాలి?