అర కిలో జీడిపప్పు ప్యాకెట్లో 23 గ్రాములు తక్కువ: ఫిర్యాదు ఎవరిమీద చేయాలి?

ప్రశ్న (రాజాం నుంచి):
నేను ఇంటి దగ్గర మిఠాయిలు చేసి ఆర్డర్లకు ఇస్తుంటాను. మొన్న మా వీధి కిరాణా కొట్టులో 500 గ్రాముల జీడిపప్పు ప్యాకెట్లు నాలుగు తెచ్చాను. ఒకటి విప్పి తూస్తే పప్పు 477 గ్రాములే ఉంది, ఖాళీ కవరు 9 గ్రాములు తూగింది. విప్పని మూడూ కవరుతో కలిపి 488, 484, 487 గ్రాములు వచ్చాయి. నిలవలో ఆరి తగ్గుతుందని కొట్టాయన అంటున్నారు. ఏళ్ల తరబడి ఖాతా ఉన్న మనిషి, ఆయనను ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు:
అమ్మా, ముందుగా ఆ మూడు ప్యాకెట్లను విప్పకండి. విప్పినదానిలో పప్పు మీరే తీశారని అనడానికి వీలుంటుంది గాని, సీలు చెదరని ప్యాకెట్ మీద ఆ మాట చెల్లదు. ఇంటి కాటా మీద ఆధారపడకుండా, తూనికల శాఖ ముద్ర ఉన్న కాటా మీద మరొకసారి తూయించి, బ్యాచ్ నంబరు, ప్యాక్ చేసిన నెల, నికర బరువు ముద్రించిన వైపు, కాటా అంకె ఒకే ఫొటోలో కనిపించేలా తీసుకోండి.

లేబుల్ మీద వేసే బరువు కవరును మినహాయించిన బరువే కావాలి. 2011 ప్యాకేజ్డ్ కమాడిటీస్ (ప్యాకెట్ సరుకుల) నిబంధనల ప్రకారం 300 నుంచి 500 గ్రాముల ప్యాకెట్‌కు అనుమతించిన గరిష్ఠ తేడా 3 శాతం, అంటే మీ ప్యాకెట్‌కు 15 గ్రాములు. తయారీదారు దగ్గర బ్యాచ్‌ను పరీక్షించినప్పుడు నమూనాల సగటు ప్రకటించిన బరువుకు తగ్గకూడదన్న షరతు కూడా ఉంది కాబట్టి, ప్రతి ప్యాకెట్‌లోనూ పది, పన్నెండు గ్రాములు మిగుల్చుకోవడానికి ఆ 15 గ్రాములు ఇచ్చిన హక్కు కాదు. మీ లెక్కన విప్పని వాటిలో పప్పు 479, 475, 478 గ్రాములు. నాలుగూ హద్దు దాటాయి. సహజంగా వచ్చే హెచ్చుతగ్గులకే ఆ వెసులుబాటు గనుక, ఆరిపోయిందన్న మాట ఇంత కొరతకు సరిపోదు. పలాస పప్పును నమ్ముకుని ఎన్నో కుటుంబాలు బతికే మన ప్రాంతంలో ఇలాంటి ప్యాకెట్ చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

కొట్టాయన గురించి దిగులు పడకండి. 2009 లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) చట్టం 36వ సెక్షన్ రెండో ఉపవిభాగం నికర బరువులో కొరతకు తయారు చేసినవారిని, ప్యాక్ చేసినవారిని, దిగుమతి చేసినవారిని బాధ్యులను చేసింది. చట్టం చేసినప్పుడు తొలి తప్పుకు పది వేల నుంచి యాభై వేల రూపాయల జరిమానా పెట్టారు. అందువల్ల ఫిర్యాదులో ప్యాకెట్ మీది చిరునామాను రాసి, కొట్టు పేరును కొన్న చోటుగా మాత్రమే చూపి, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయించి, ఫిర్యాదు నంబరు దాచుకోండి.

మళ్లీ ప్రశ్న:
రశీదు లేదు, ఖాతా పుస్తకంలో రాసుకున్నదే ఉంది. నా డబ్బు కూడా తిరిగి వస్తుందా?

జవాబు:
ఇన్‌స్పెక్టర్ వేసే జరిమానా ప్రభుత్వానికి చేరుతుంది, మీకు రాదు. పరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేరుగా ఫిర్యాదు వేయాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు, ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు. అయితే మీరు పప్పు కొన్నది అమ్మకానికి చేసే మిఠాయిలకు కాబట్టి, అది స్వయం ఉపాధితో జీవనం కోసమేనని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి, లేకపోతే వ్యాపారం కోసం కొన్నారని ఎదుటివారు అభ్యంతరం చెబుతారు. ఖాతా పుస్తకంలోని ఆ పేజీ ఫొటో తీసి, ఈ తేదీన ఈ ప్యాకెట్లు అమ్మానని కొట్టాయన చేత ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి.