క్షమ అంటే ఓర్చుకోవడమేనా?

వెన్నెలదారి:
పెదనాన్న చేయి చేసుకున్న ప్రతిసారీ మా పెద్దమ్మకు ఇంట్లో పెద్దలు ‘క్షమయా ధరిత్రీ’ అని నచ్చజెప్పేవారు. ఆమె పెరట్లో గోలెం దగ్గర ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మళ్లీ వడ్డించడానికి వచ్చేది. క్షమ మనసుకు మందని ఇప్పుడు మనస్తత్వ శాస్త్రమూ అంటోంది. అయితే ఆ పెద్దలు చెప్పిందే నిజమా?

అక్షరపథికుడు:
చాలావరకు నిజమే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎన్‌రైట్ 1985 నుంచీ దీన్నే పరిశోధిస్తున్నారు. చిన్నతనంలో సొంతవారి చేతుల్లోనే లైంగిక హింసకు గురైన 12 మంది మహిళలపై 1996లో వెలువడిన అధ్యయనం చూడండి. ఏడాదికి పైగా ఒక్కొక్కరినీ ఓపికగా క్షమ వైపు నడిపించాక వారిలో ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. తన కోపమే తన శత్రువని మనం బడిలో వల్లించింది ఊరికే కాదు.

కృష్ణాతీరం:
ఎన్‌రైట్ చెప్పిన రెండో సగం వదిలేశారు. క్షమించడం వేరు, రాజీపడటం వేరు, తప్పును కప్పిపుచ్చడం వేరని ఆయనే గట్టిగా చెప్పారు. మనసులో పగ వదిలేసి కూడా ఆ ఇల్లు విడిచి వెళ్లవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. మనస్తత్వవేత్త జేమ్స్ మెక్‌నల్టీ కొత్త దంపతులను నాలుగేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. తేలిగ్గా క్షమించేవారి భాగస్వాముల్లో దూషణ, దాడి అలాగే కొనసాగాయి. అంత తేలిగ్గా క్షమించనివారి విషయంలో అవి తగ్గుతూ వచ్చాయి.

ఇది మనకు కొత్త సంగతీ కాదు. భారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ, ప్రహ్లాదుడు మనవడైన బలికి చేసిన బోధను గుర్తుచేస్తుంది. ఎప్పుడూ కోపమూ మంచిది కాదు, ఎప్పుడూ క్షమా మంచిది కాదు. తెలియక చేసినవాణ్ని, మొదటిసారి తప్పు చేసినవాణ్ని క్షమించాలి. తెలిసి చేసి తెలియదని బొంకేవాణ్ని, రెండోసారి చేసినవాణ్ని దండించాలి. ఇంత వివరం మన దగ్గరే ఉండగా, ఆడపిల్లకు మాత్రం ఒక్క శ్లోకపాదం అప్పజెప్పి ఊరుకున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

అక్షరపథికుడు:
కానీ ధర్మరాజు ఆమె మాట కాదని క్షమనే కీర్తించాడు కదా!

కృష్ణాతీరం:
కీర్తించాడు. అయితే తన కోపాన్ని తానే అణచుకున్నాడు. పక్కవాళ్లు అణచమంటే అణచుకోలేదు.

వెన్నెలదారి:
పెదనాన్న పోయి ఆరేళ్లయింది. మీ మాటలు చదివాక రాత్రి పెద్దమ్మకు ఫోను చేసి, ఆయన్ను క్షమించావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. “క్షమిస్తావా అని నన్నెవరు అడిగారమ్మా? అన్నం పెట్టమన్నారు, పెట్టాను” అంది.