లాన్‌లో మట్టి గొట్టాలు: ఇది ఏ క్రాఫిష్? (కొలంబస్, ఒహాయో)

కొత్తిల్లు: వెనక లాన్‌లో జానెడు ఎత్తున మట్టి గొట్టాలు లేచాయి. పదకొండు లెక్కపెట్టాను. తడిమట్టి ఉండలు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి, మధ్యలో బొటనవేలు పట్టే కన్నం. దగ్గర్లో చెరువు లేదు, వాగు లేదు. నిన్న రాత్రి వాన వెలిశాక టార్చ్ వేస్తే ఒక క్రాఫిష్ బయటికొచ్చింది, అదే, రొయ్యలా ఉండి పీతలా డెక్కలుండేది. ఆకుపచ్చ ఒళ్లు, డెక్కల చివర నారింజ రంగు. ఏ జాతి? ఏ మందు వెయ్యాలి?

పులసప్రియ: లూసియానా వాళ్లు ఉడకబెట్టుకు తినేదే. నీళ్లు ఇంకిపోతే అదీ బొరియ తవ్వుతుంది. వీపు మీద రెండు గీతలు మధ్యలో కలిసిపోయాయా? కలిస్తే అదే.

మట్టివేళ్లు: ఆ గీత ఒక్కటే పట్టుకుంటే పొరబడతారండి. బొరియల్లోనే బతికే జాతులకీ అవి కలిసే ఉంటాయి. మీరనే ప్రొకాంబరస్ క్లార్కైకి డెక్కలు సన్నగా, పొడుగ్గా, ఎర్రటి బొడిపెలతో ఉంటాయి. ఈ రంగులు చూస్తే పెయింటెడ్‌హ్యాండ్ మడ్‌బగ్ అనిపిస్తోంది. శాస్త్రీయంగా లాకునికాంబరస్ పాలీక్రొమాటస్. 2005లో గానీ దానికంటూ ఒక పేరు రాలేదు. దీనికి వాగుతో పనిలేదు. భూమిలో నీరు తగిలేదాకా తవ్వుకుపోతుంది, మొప్పలు తడిగా ఉంటే చాలు. డెక్క ఫొటో పెట్టండి.

పులసప్రియ: గీత కలిసిందా లేదా, అది చెప్పండి ముందు.

పీతలవేపుడు: తినొచ్చా?

గోదారిగట్టు: మా గట్టుకి పీత కన్నం పెడితే తెల్లారేసరికి మడిలో నీళ్లన్నీ పక్కోడి చేలో ఉండేవి. నాన్న ఏ రోజూ జాతి పేరు అడగలేదు. బ్లీచ్ పోసెయ్యండి.

మట్టివేళ్లు: ఆ కన్నం అడుగున ఉండేది భూగర్భ జలమండీ! అందులో బ్లీచ్ పోస్తారా? క్రాఫిష్‌కి వాడొచ్చని లేబుల్ ఉన్న మందే ఇక్కడ లేదు.

కొత్తిల్లు: ఫొటో పెట్టాను. డెక్క పొట్టిగా, వెడల్పుగా ఉంది. గీతలు కలిశాయి.

పులసప్రియ: కలిశాయిగా! నేనేం చెప్పాను?

మట్టివేళ్లు: డెక్క చూడరేం మీరు? సరే, కొత్తిల్లు గారూ, జాతి సంగతి పక్కన పెట్టండి. పదకొండు గొట్టాలంటే మీ పెరటి కింద నీళ్లు బాగా పైనే ఉన్నట్టు. వీటిని చంపితే ఇంకోటి వస్తుంది. బేస్‌మెంట్‌లో సంప్ పంప్, అంటే అడుగున చేరే నీళ్లు బయటికి తోడే మోటారు, ఉందా?

కొత్తిల్లు: నేనడిగింది పురుగు గురించి, మా ఇంటి గురించి కాదు. నీళ్ల సమస్యే లేదని బిల్డర్ రాసిచ్చాడు. ఫొటో చూసి ఇంటికి వంకలు పెట్టడానికి మీరెవరు?

గోదారిగట్టు: ఓపెన్ హౌస్‌కి, అదే కొనేవాళ్లు ఇల్లు చూడ్డానికొచ్చే రోజుకి, ఏం సర్దాలని మొన్న వేరే థ్రెడ్‌లో అడిగింది మీరే కదా? అమ్ముతున్నారన్నమాట.

మట్టివేళ్లు: ఓహో. ఒహాయోలో ఇంటి లోపాలు చెబుతూ అమ్మేవాళ్లు నింపే డిస్‌క్లోజర్ ఫారంలో నీళ్ల ప్రశ్న ఉంటుందండీ. అక్కడేం రాస్తారు?

కొత్తిల్లు: నేను కొన్నప్పుడు నాకెవరు చెప్పారు? బేస్‌మెంట్‌కే పోయిన ఏడాది ఎంతయిందో తెలుసా మీకు? శనివారం జనం వస్తున్నారు. గొట్టాలన్నీ పారతో కొట్టేశాను. ఇక ఈ థ్రెడ్ ఆపండి.

పీతలవేపుడు: ఏమైందండీ, పోయాయా?

కొత్తిల్లు: పొద్దున చూస్తే నాలుగు లేచాయి.