రాయ్ ఆర్బిసన్ హిట్స్ కలెక్షన్లలో ఏది బాగా వినిపిస్తుంది?

నీలాంబరి:
అందరికీ నమస్కారం. నా దగ్గర అమెరికన్ గాయకుడు రాయ్ ఆర్బిసన్ హిట్స్ సీడీలు మూడు పోగయ్యాయి. ఒకటి 1987లో వర్జిన్ రికార్డు కంపెనీ వాళ్ళు వేసిన 'ఇన్ డ్రీమ్స్'. రెండోది 'ఆల్ టైమ్ గ్రేటెస్ట్ హిట్స్', అంటే 1972లో ఆయన పాత రికార్డు కంపెనీ మోన్యుమెంట్ వేసిన ఎల్పీల సెట్టుకి సీడీ రూపం. మూడోది ఆయన కెరీర్ మొత్తం కలిపి తెచ్చిన ఓ రీమాస్టర్ (పాత టేపుల సౌండ్ మళ్ళీ సరిచేసి వేసింది), పేరెందుకులెండి. పాటలు చాలావరకు అవే. కానీ వింటే ముగ్గురు వేర్వేరు మనుషులు పాడినట్టుంది.

మొదటి దాంట్లో డ్రమ్ములు హాలంతా మోగుతాయి, గొంతులో కాస్త బరువు తెలుస్తుంది. రెండోది మెత్తగా ఉంటుంది, వెనకాల సన్నగా టేపు హిస్, అదే ఆ బుస చప్పుడు, వినిపిస్తుంది. మూడోది పెట్టగానే అదిరిపోతుంది, అరగంట తిరక్కుండానే తీసేయాలనిపిస్తుంది. నాకే ఇలా ఉందా, అందరికీనా? ఒక్కటే ఉంచుకోమంటే ఏది ఉంచుకోవాలి? మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని) ఇంకో సెట్టు ఉందంటున్నారు, అది కూడా కొనాలా?

పాతటేపు:
నీలాంబరి గారూ, మీ చెవులు నిక్షేపంగా ఉన్నాయి. ముందు మొదటి సీడీ సంగతి తేల్చేద్దాం. దాన్ని ఈ పోటీలోంచి తీసెయ్యండి. 'ఇన్ డ్రీమ్స్'లో ఉన్నవి అసలు రికార్డింగులు కావు, 80ల్లో ఆయన అవే పాటల్ని మళ్ళీ పాడి రికార్డు చేసినవి. 1960లో 'ఓన్లీ ది లోన్లీ' పాడినప్పుడు ఆర్బిసన్‌కి పాతికేళ్ళు కూడా లేవు. మళ్ళీ పాడేసరికి యాభై. గొంతు అప్పటికీ అద్భుతంగానే పలికింది, అందులో వంక పెట్టడానికేం లేదు. కానీ స్టూడియో వేరు, వాయించినవాళ్ళు వేరు, ఆ మోగే డ్రమ్ములు అచ్చంగా 80ల సరుకు. రీమాస్టర్ వేరు, రీరికార్డింగ్ వేరు. ఆయన పేరుతో ఏ హిట్స్ సీడీ కొన్నా అట్ట వెనక చిన్న అక్షరాల్లో రికార్డింగ్ సంవత్సరాలు చూడండి. 1960 నుంచి 64 మధ్య ఉంటే మోన్యుమెంట్ నాటివి, అంటే మనక్కావాల్సినవి.

ఇక అసలు పోటీ మీ రెండోదానికీ మూడోదానికీ.

'ఓన్లీ ది లోన్లీ'ని నాష్‌విల్‌లో ఆర్‌సీఏ వాళ్ళ స్టూడియో బీలో బిల్ పోర్టర్ రికార్డు చేశాడు. మామూలుగా ఇంజనీర్లు డ్రమ్ములు, బాస్‌తో మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ పోతారు. పోర్టర్ తలకిందులుగా చేశాడు. కోరస్ గొంతుల్ని మైకుకి దగ్గరగా పెట్టి ముందుకు తెచ్చాడు, అక్కణ్ణించి ఒక్కొక్కటీ చేర్చుకుంటూ వచ్చి, తాళాన్ని అన్నిటికంటే వెనక్కి, తగ్గించి వదిలాడు. అంటే ఆ పాటలో బాస్, డ్రమ్ములు వెనకాల ఉండటం లోపం కాదు, కావాలని చేసిన పని. రీమాస్టర్ చేసేవాడు ఈ కాలానికి తగ్గట్టు బాస్ పెంచి, అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తే ఏమవుతుంది? పోర్టర్ వెనక్కి పెట్టినవన్నీ ముందుకొచ్చి గొంతు మీద పడతాయి. పైన పటారం, లోన లొటారం.

ఇది చెవికి తెలియాలంటే ఒకే ఒక్క పాట చాలు: 'రన్నింగ్ స్కేర్డ్', 1961. రెండు నిమిషాల చిల్లర. పల్లవి తిరిగి రావడం అంటూ ఉండదు, బొలేరో (స్పానిష్ నాట్య తాళం) నడకలో మొదటినుంచి చివరికి ఒకటే ఎక్కుడు. గిటార్, గొంతు మాత్రమే ఉన్న మొదటి వరసల నుంచి నిండు ఆర్కెస్ట్రా దాకా వెళ్తుంది. ఆ చివరి పైస్వరాన్ని దొంగగొంతులో కాకుండా నిండు గొంతుతో కొడతాడు చూడండి, అది వినిపించడం కోసమే పాటంతా. రెండు సీడీల్లోనూ ముందు ఆ ఆఖరి స్వరం పెట్టి, రెండూ ఒకే గట్టిగా వినిపించేలా వాల్యూమ్ సరిచేసుకోండి. తర్వాత నాబ్ ముట్టుకోకుండా రెండిట్నీ మొదటినుంచి వినండి. బాగా చేసిన మాస్టరింగ్ అయితే మొదట్లో గిటార్ చెవి రిక్కించి వినాల్సినంత చిన్నగా ఉంటుంది. కంప్రెషన్, అంటే చిన్న చప్పుళ్ళకీ పెద్ద చప్పుళ్ళకీ మధ్య తేడా తగ్గించడం, దట్టించిన దాంట్లో గిటార్ మొదట్లోనే ముక్కు మీదికి వచ్చేస్తుంది. ఇక ఆర్కెస్ట్రా ఎక్కడానికి చోటేదీ? ముందే మేడ మీద నిలబెట్టేసి, ఇప్పుడు మెట్లెక్కమన్నట్టు ఉంటుంది.

అలసట కూడా అందుకే. చిన్న చప్పుడనేదే లేకపోతే చెవికి విరామం దొరకదు.

వాల్యూమ్ సరిచూసుకోకుండా మాత్రం ఏ రెండిట్నీ పోల్చకండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చాలు, మన బుర్ర 'ఇదే బాగుంది' అనేస్తుంది. పెట్టగానే అదిరిపోయిందన్నారే, అందులో సగం మహిమ ఇదే.

హిస్ గురించి ఒక్కమాట. అప్పట్లో టేపు మీద హిస్ ఉండేది, దాన్ని పూర్తిగా తుడిచేసిన సీడీని నేనైతే అనుమానిస్తాను. ఈ పాటల్లో గొంతు వెనక ఉండే ఆ సన్నటి ప్రతిధ్వని హిస్‌తో కలిసే సన్నబడుతూ పోతుంది. హిస్‌ని గీకేస్తే ఆ తోక కూడా తెగిపోతుంది. అసలుకే ఎసరు. 'క్రయింగ్' పాటలో మాట ఆగిన చోటల్లా ఏం మిగిలిందో వినండి. గాల్లో కాసేపు నిలిచి కరిగితే మంచిది. టక్కున నిశ్శబ్దం అయిపోతే ఎవరో చెయ్యి పెట్టినట్టే.

ఉంచుకోవాల్సింది రెండోదే. అందులో అన్నీ మోన్యుమెంట్ నాటివే కాబట్టి ఒకే రకం సౌండ్ ఉంటుంది. కెరీర్ మొత్తం కలిపినవాటితో వచ్చే చిక్కు, 1956 నాటి మెంఫిస్ మోనో పాటనీ 1989లో జెఫ్ లిన్ నిర్మాతగా వచ్చిన 'యూ గాట్ ఇట్'నీ పక్కపక్కన కూర్చోబెట్టాలి. రెండిటికీ పొంతన కుదర్చడానికి పాతదాన్ని లాగి సాగదీస్తారు. 'యూ గాట్ ఇట్' కావాలంటే 'మిస్టరీ గర్ల్' ఆల్బమే విడిగా కొనుక్కోండి, హాయి.

ఏకనాదం:
పాతటేపు గారు మోనో సంగతి దాటేశారు! 1960ల్లో ఈ పాటల్ని జనం విన్నది 45 ఆర్పీఎం సింగిల్స్ మీద, రేడియోలో. అంతా మోనోయే. 2011లో వచ్చిన 'ది మోన్యుమెంట్ సింగిల్స్ కలెక్షన్' అచ్చంగా ఆ సింగిల్స్ మోనో మిక్సులే, వెనక వైపు పాటలతో సహా. 'ఓ ప్రెట్టీ వుమన్' ఒక్కసారి అందులో వినండి. గిటార్, డ్రమ్ములు, గొంతు ఒకే ముద్దగా వచ్చి గుండెకి తగులుతాయి. హెడ్‌ఫోన్స్‌లో పాత స్టీరియో వింటే వాయిద్యాలు తలా ఒక చెవికీ పంచుకున్నట్టుంటాయి, నాకు చిరాకు. నా ఓటు మోనోకే, వాదన అనవసరం.

పాతటేపు:
దాటెయ్యలేదు బాబూ, మీరెలాగూ వస్తారని వదిలేశాను. 'ప్రెట్టీ వుమన్' విషయంలో ఒప్పుకుంటా, అది మోనోలోనే వినాలి. కానీ 'ఇట్స్ ఓవర్' లాంటి తీగవాయిద్యాల పాటలు స్పీకర్ల మీద స్టీరియోలో విప్పారినట్టు మోనోలో విప్పారవు. హెడ్‌ఫోన్స్ మనుషులు మోనో కొనుక్కోండి, స్పీకర్ల వాళ్ళకి స్టీరియో చాలు. నీలాంబరి గారు వినేది దేంట్లోనో చెప్పలేదు.

కొలతలరాజు:
చెవుల మీద నమ్మకం లేనివాళ్ళకి ఓ దారి. పాటని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్లో తెరవండి. 'రన్నింగ్ స్కేర్డ్' ధ్వని తరంగం ఆకారం ఎడమనుంచి కుడికి వెడల్పవుతూ పోవాలి. మొదటినుంచీ ఇటుకలా ఒకటే మందం ఉంటే కథ ముగిసినట్టే. ఇంకోటి, స్ట్రీమింగ్ యాప్‌లలో వాల్యూమ్ నార్మలైజేషన్ (అన్ని పాటల్నీ ఒకే గట్టిదనానికి తెచ్చేది) ఆన్‌లో పెడితే గట్టిగా చేసిన రీమాస్టర్లని అదే తగ్గించేస్తుంది. స్పాటిఫైలో మామూలు సెట్టింగ్ మైనస్ 14 లఫ్స్ (గట్టిదనం కొలమానం) దగ్గర ఉంటుంది. ఆ మట్టానికి దించాక గట్టి సీడీ ఎంత చప్పగా ఉంటుందో చూడండి. డీఆర్ మీటర్ (చిన్న, పెద్ద చప్పుళ్ళ మధ్య తేడాని కొలిచేది) నంబర్లు చూసి మాత్రం ఎల్పీని సీడీతో పోల్చకండి. ఎల్పీ నుంచి ఎక్కించిన ఫైలుకి ఆ మీటర్ ఊరికే ఎక్కువ మార్కులు వేస్తుంది.

నీలాంబరి:
అందరికీ థ్యాంక్స్. చెప్పినట్టే ఆఖరి స్వరం దగ్గర వాల్యూమ్ సరిచేసి విన్నాను. మూడోదాంట్లో మొదటి గిటార్ నిజంగానే నా మొహం మీద ఉంది! రెండోదాంట్లో అదే గిటార్ గదికి అవతలి గోడ దగ్గర్నుంచి నడిచొచ్చినట్టుంది. నేను ఎక్కువగా హెడ్‌ఫోన్స్‌లోనే వింటాను కాబట్టి మోనో సెట్టు కూడా వెతుకుతా. ఇంకో చిన్న ప్రశ్న. 'ఊబీ డూబీ' నా రెండో సీడీలో లేదు. ఆయన మొదట్లో పాడిన సన్ రికార్డ్స్ కంపెనీ నాటి పాటలతో ఓ పాత ఎల్పీ కనిపించింది, అట్ట మీద స్టీరియో అనుంది. తీసుకోవచ్చా?

పాతటేపు:
వద్దండీ. మెంఫిస్‌లో సన్ యజమాని శామ్ ఫిలిప్స్ దగ్గర 1956లో చేసిన ఆ పాట మోనోలోనే ఉంది. ఫిలిప్స్ 1969లో సన్ కంపెనీని అమ్మేశాక, కొన్నవాళ్ళు ఆ పాత పాటలన్నిటినీ చవక ఎల్పీలుగా దింపారు. అట్ట మీద స్టీరియో అని ఉందంటే మోనో టేపునే సాగదీసి చేసిన దొంగ స్టీరియో. ఓ పక్క బాస్, ఇంకో పక్క ట్రెబుల్ నెట్టడమో, ఒక ఛానల్‌ని రవ్వంత ఆలస్యం చేయడమో చేసేవాళ్ళు. ఆలస్యం చేసిన రకమైతే యాంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కినా బాగుపడదు, రెండు ఛానళ్ళూ కలిసినచోట గొంతు డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. సన్ పాటలు మోనో అని స్పష్టంగా రాసున్న సీడీ దొరికేదాకా ఆగండి. లేకపోతే 45 సింగిలే వెతకండి, గీతలు పడ్డదైనా ఆ ఎల్పీ కంటే నయం.