అప్‌డేట్: యూరోపియన్ కప్ ఐస్ హాకీ – సీఎస్‌కేఏ లెక్క తేలింది

యూరప్ దేశాల ఛాంపియన్ క్లబ్బులు ఆడిన యూరోపియన్ కప్‌లో సోవియట్ క్లబ్ సీఎస్‌కేఏ మాస్కో 20 టైటిళ్లు వరుసగా గెలిచిందా, వరుసగా గెలిచినవి 13 మాత్రమేనా అని ఇంతకుముందు అడిగాను. రెండు అంకెలూ సరైనవే. మొత్తం 20, వరుసగా 13 (1977-78 నుంచి 1989-90). అంతకుముందు 1968-69 నుంచి ఆరు వరుసగా, తర్వాత 1975-76లో ఒకటి. మధ్యలో గండి కొట్టినవి రెండే: 1974-75లో మరో మాస్కో క్లబ్ క్రిల్యా సొవెతొవ్, 1976-77లో చెకొస్లొవేకియా క్లబ్ పోల్డి క్లాడ్నో.

సీజన్లను 1965-66 నుంచి ఒక్కో వరుసలో రాయమన్న సలహాయే పనికొచ్చింది, థాంక్స్. మొదటి మూడు టైటిళ్లూ చెకొస్లొవేకియా క్లబ్ జడ్‌కేఎల్ బ్ర్నోవి. ఆ క్లబ్బే ఇప్పటి కొమెటా, వేరే జట్టనుకుని తికమకపడ్డాను. 1990-91లో స్వీడన్ క్లబ్ యూర్గార్డెన్ గెలవడంతో సీఎస్‌కేఏ 13 టైటిళ్ల వరుస తెగింది.