పదిహేడేళ్లప్పటి కేసు: అటెస్టేషన్ ఫారంలో ఏమి రాయాలి?

నర్సంపేట_పరుగు
అందరికీ నమస్కారం. కేంద్ర బలగాల కానిస్టేబుల్ జాబితాలో నా నంబరు వచ్చింది. 2019 వినాయక నిమజ్జనం రోజు ఎవరి ట్రాక్టరు ముందు పోవాలన్న మాట మీద మా వీధికీ పక్క వీధికీ గొడవ అయింది. ఒకాయన తలకు ఆరు కుట్లు పడ్డాయి. కర్ర నాది కాదు, కానీ అక్కడ ఉన్నాను. ఆయుధంతో గాయపరిచారని 324 సెక్షన్ పెట్టారు. నాకు అప్పుడు 17 ఏళ్ల 3 నెలలు. పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డు 2020లో మందలించి, నాన్నతో పూచీ రాయించుకుని పంపించింది. ఇప్పుడు ఉద్యోగంలో చేరే ముందు నింపే అటెస్టేషన్ ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా" అని ఉంది. అవును అని రాయాలా, కాదు అని రాయాలా? బోర్డు ఉత్తర్వు నకలు ఎలా తీసుకోవాలి? ఇంకొకటి, పెళ్లి సంబంధం మాట్లాడుతున్నారు. మామయ్య వాళ్లకు ఇప్పుడే చెప్పాలా?

మూడో_షిఫ్టు
దాచవద్దు తమ్ముడూ. మా బావమరిది పేకాట కేసులో మూడు వందలు జరిమానా కట్టి, అది కూడా కేసేనా అనుకుని "కాదు" అని రాశాడు. శిక్షణకు వెళ్లిన నాలుగో నెలలో ట్రంకు పెట్టెతో గోదావరిఖని బస్టాండులో దిగాడు. పేకాటకు పోలేదు ఉద్యోగం, ఆ ఒక్క మాటకు పోయింది.

రిటైర్డ్_రైటర్
ఇరవై ఏడేళ్లు స్టేషన్లలో రైటరుగా చేసినవాడిని. నా చేతి మీదుగా పోయిన విచారణ కాగితాలకు లెక్క లేదు. ఎస్బీ (స్పెషల్ బ్రాంచి) పోలీసులు వచ్చి రిజిస్టరు తిరగేస్తారు, పేరు ఉంటే ఉన్నట్టు రాసుకుని పోతారు. పదహారు దాటిన మగపిల్లవాడు చట్టం దృష్టిలో పెద్దవాడే. ఈ బాబు "అవును" అనక తప్పదు.

సుబేదారి_లాయర్
రైటర్ గారూ, మీరు చెప్పేది 1986 నాటి బాలల న్యాయ చట్టం. మగపిల్లలకు కూడా వయసు హద్దు పద్దెనిమిది అయి 2001 ఏప్రిల్ 1 నుంచి ఇన్నేళ్లు గడిచాయి. ఇప్పుడున్న 2015 చట్టం 24వ సెక్షన్ ప్రకారం బోర్డు ముందుకు వెళ్లిన పిల్లవాడికి ఆ కేసు వల్ల ఏ అనర్హతా అంటకూడదు. మినహాయింపు పదహారు నిండి, ఘోరమైన నేరంలో బాలల కోర్టు దోషిగా తేల్చినవారికే. 324కు గరిష్ఠ శిక్ష మూడేళ్లు, ఆ చట్టం లెక్కలో అది చిన్న నేరం. ముగిసిన కేసు వివరాలను నడవడిక ధ్రువపత్రం కోసం పోలీసులు బయటపెట్టరాదని 74వ సెక్షన్ చెబుతోంది.

రిటైర్డ్_రైటర్
సెక్షన్లు చదవడం వేరమ్మా, స్టేషన్లో కూర్చోవడం వేరు.

సుబేదారి_లాయర్
మీరు కూర్చున్నప్పుడు ఎంతమంది పిల్లల పేర్లు అలా రాసిచ్చారో కూడా చెప్పండి.

పరకాల_పత్తి
17 ఏళ్ల 3 నెలలు అంటున్నావు. అది పదో తరగతి మెమో లెక్కా, మీ అమ్మ లెక్కా? అసలు తంటా అక్కడే ఉంటుంది. మా నాన్న నన్ను బడిలో వేయడానికి తీసుకుపోతే, అయిదేళ్లు నిండలేదని పంపేస్తారేమోనని ఏడాది కలిపి చెప్పాడు. హెడ్‌మాస్టారు జూన్‌లో ఒక తేదీ వేసేశారు. మా తరగతిలో సగం మంది పుట్టింది జూన్‌లోనే! చేను గట్టు తగాదా నాటికి నాకు నిజంగా పదిహేడున్నర. మెమోలో పద్దెనిమిదిన్నర. పెద్దల కోర్టుకు వెళ్లాను.

చాక్‌పీసు
ప్రతిదానికీ హెడ్‌మాస్టరే దొరుకుతాడు. తండ్రి చెప్పిందే మేము రాశాము. పుట్టిన తేదీ అడిగితే "పెద్ద వాన పడ్డ ఏడు" అనేవారు. మేము ఏ క్యాలెండరులో వెతకాలి?

పరకాల_పత్తి
వెతకకపోతే పోయింది, ఖాళీగా వదిలేయవలసింది. మీరు అరనిమిషంలో వేసిన తేదీకి నేను ఆరేళ్లు వాయిదాలు తిరిగాను.

చాక్‌పీసు
ఆ ఒక ఏడాది ముందు వేసినందుకే బడిలో సీటు దొరికింది కదా? అప్పుడు పనికొచ్చిన తేదీ ఇప్పుడు చేదైందా?

సుబేదారి_లాయర్
వయసు తేల్చడానికి 94వ సెక్షన్ కింద ముందు చూసేది బడి ధ్రువపత్రం లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అందుకే పరకాల అన్నకు ఎముకల దాకా వెళ్లే అవకాశం రాలేదు.

పరకాల_పత్తి
నా ఎముకలకు తెలుసు మేడం నా వయసు.

కాజీపేట_జంక్షన్
మీ తేదీల పంచాయితీ పక్కన పెట్టండి. 2011 సెప్టెంబరు తెలంగాణ ఉద్యమం రైల్ రోకోలో పట్టాల మీద కూర్చున్నప్పుడు నాకు పదహారు. వయసు ఎవరూ అడగలేదు, పేరు, ఊరు రాసుకున్నారు. రాష్ట్రం వచ్చాక ఇక్కడి సర్కారు పెట్టిన కేసులు ఎత్తేశారు. మాది రైల్వే చట్టం కింద పెట్టింది, అది అప్పట్లో ఢిల్లీ చేతిలో ఉండేది. తెచ్చుకున్న రాష్ట్రంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి, "నేరచరిత్ర" అన్న గడి దగ్గర కలం ఆపుకుని కూర్చున్నాను. ఉద్యమం గురించి రాయడానికి ఆ గడిలో చోటు లేదు.

మూడో_షిఫ్టు
మీకు వచ్చిందా చివరకు?

కాజీపేట_జంక్షన్
వచ్చింది. "అవును" అని రాసి, విడిగా ఒక కాగితం జతచేశాను. పదకొండు నెలలు ఆగింది.

హసన్‌పర్తి_గ్రౌండ్
నర్సంపేట తమ్ముడూ, అయిదు కిలోమీటర్లు ఎన్ని నిమిషాల్లో తీశావు? నాకు ఇరవై నాలుగు నిమిషాల గడువులో పది సెకన్లు మిగులుతున్నాయి. కాకతీయ యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే చేస్తున్నావా, స్టేడియంలోనా?

సుబేదారి_లాయర్
తిరిగి అసలు విషయం. నర్సంపేట బాబూ, నీ చిక్కు బోర్డు కాగితంలో కాకపోవచ్చు. మామూలుగా ఇంత చిన్న నేరానికి పిల్లవాడి మీద ఎఫ్ఐఆర్ ఉండదు, స్టేషన్ డైరీలో రాసి బోర్డుకు నివేదిక పంపుతారు. పెద్దవాళ్లతో కలిసి చేశాడంటేనే ఎఫ్ఐఆర్ కడతారు. నీ గొడవలో పెద్దవాళ్లు ఉన్నారా?

నర్సంపేట_పరుగు
ముగ్గురు ఉన్నారు మేడం. నా పేరు నాలుగోది. వాళ్ల కేసు మామూలు కోర్టులో నడిచి రాజీ అయింది.

సుబేదారి_లాయర్
అదే అనుకున్నాను. నిబంధనల ప్రకారం బోర్డు రికార్డు ఏడేళ్లకు మించి ఉంచకూడదు. పెద్దవాళ్ల ఫైలు మాత్రం ఎక్కడిదక్కడ ఉంటుంది, అందులో నీ పేరూ ఉంటుంది.

రిటైర్డ్_రైటర్
నేను మొదట చెప్పింది ఏమిటి? రిజిస్టరులో ఉంటుందనే కదా. వయసు విషయంలో పొరపాటు పడ్డాను, ఒప్పుకుంటున్నాను. మిగతాది నా మాటే.

మూడో_షిఫ్టు
మేడం, అయితే "కాదు" అని రాయవచ్చా, రాయకూడదా? ఒక్క మాటలో చెప్పండి.

సుబేదారి_లాయర్
ఒక్క మాటలో కుదరదు. పిల్లవాణ్ని చట్టం "అరెస్టు" అనదు, అదుపులోకి తీసుకున్నారు అంటుంది. కాబట్టి "కాదు" అని వాదించడానికి చోటు ఉంది. కానీ 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, స్పష్టంగా అడిగినదానికి నిజమే చెప్పాలి, ఆ పైన చిన్న నేరమైతే వయసు, తీవ్రత చూసి వదిలేసే అధికారం ఉద్యోగం ఇచ్చేవారికి ఉంది అన్నది. 2019లో రమేశ్ బిష్ణోయ్ కేసులో అబ్బాయి దాచలేదు, కేంద్ర బలగం పక్కన పెట్టింది, సుప్రీంకోర్టు మైనరుగా ఉన్నప్పటి ఆరోపణతో ఉద్యోగం ఆపరాదన్నది. నేనైతే "అవును" అని రాసి, "జువెనైల్ బోర్డు, 2020లో ముగిసింది, 24వ సెక్షన్ వర్తిస్తుంది" అని కింద రాయిస్తాను. నకలుకు బోర్డు ఆఫీసులో దరఖాస్తు పెట్టు, కేసు నంబరు లేకపోతే మీ నాన్న పూచీ కాగితం తీసుకుపో.

పరకాల_పత్తి
చెప్పినవాడికి పదకొండు నెలలు, చెప్పనివాడికి నాలుగు నెలలు. లెక్క చూసుకో తమ్ముడూ.

చాక్‌పీసు
పిల్లవాడికి తప్పుదారి చూపవద్దు.

పరకాల_పత్తి
మీరు నాకు తేదీ చూపించారు కదా, అది చాలదా.

నర్సంపేట_పరుగు
ఇక కొట్టుకోకండి దయచేసి. ఈరోజు బోర్డు ఆఫీసుకు వెళ్లాను. నాన్న పూచీ కాగితం బీరువాలో పత్తి అమ్మిన పట్టీల మధ్య దొరికింది, వేలిముద్ర నీలం సిరా ఇంకా పోలేదు. నకలు వారంలో ఇస్తామన్నారు. "అవును" అనే రాస్తున్నాను. మామయ్యకు నాన్నే చెప్పాడు. ఆయన పెద్దగా పట్టించుకోలేదు, కర్ర పట్టుకున్నది ఎవరని మాత్రం రెండుసార్లు అడిగాడు. హసన్‌పర్తి అన్నా, ఇరవై రెండు నిమిషాల నలభై.

హసన్‌పర్తి_గ్రౌండ్
ఇరవై రెండు నలభయ్యా! బూట్లు ఏవి?

కాజీపేట_జంక్షన్
ఇంతకీ ఆ రోజు ఎవరి ట్రాక్టరు ముందు పోయింది?

నర్సంపేట_పరుగు
ఎవరిదీ పోలేదు అన్నా. రెండు ట్రాక్టర్లనూ స్టేషనుకు తోలుకుపోయారు. వినాయకులను మర్నాడు ఆటోలో తీసుకెళ్లి కలిపాము.