‘వాక్యూమ్ లీక్’ను తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. టెక్సస్‌లో ఉంటున్న మా తమ్ముడు 1990ల నాటి పెట్రోలు పికప్ ట్రక్కు ఒకటి కొన్నాడు. ఏసీ మామూలుగా బాగానే ఉంటుంది గాని, బండి ఎత్తెక్కేటప్పుడు, వేగం అందుకునేటప్పుడు ముఖానికి తగలవలసిన చల్లగాలి ఆగిపోయి, అంతా ముందద్దం మీదికి మళ్లుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం డీజిల్ లారీలకు పనిచేసిన మా మేనమామగారికి ఈ సంగతి రాసి పంపుదామని, ట్రక్కు రిపేరు పుస్తకంలో అవసరమైన భాగాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ‘వాక్యూమ్ లీక్’ అన్న మాట అడుగడుగునా వస్తోంది. బడి పుస్తకాల్లో ఉన్నట్లు వాక్యూమ్‌ను ‘శూన్యం’ అనుకుంటే, ‘శూన్యం కారుతోంది’ అని రాయవలసి వస్తుంది. అది నాకు మింగుడు పడలేదు. మీరేమంటారు?

మొదటి జవాబు

మింగుడు పడకపోవడంలో న్యాయం ఉంది. కారాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి కదా. ఇక్కడ బయటికి పోయేదేమీ లేదు. బయటి గాలే లోపలికి చొరబడుతోంది. కాబట్టి నామవాచకం కోసం వెతకడం మాని క్రియతో చెప్పండి: ‘గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది.’ డీజిల్ లైనులో ఎయిర్ పట్టడం మీ మేనమామగారు ఎన్నిసార్లో చూసి ఉంటారు గనుక, ఈ ఒక్క వాక్యంతో సగం విషయం ఆయనకు అర్థమవుతుంది.

తక్కిన సగం చెప్పడానికి ‘పీల్పు’ అన్న మాట పనికొస్తుంది. షెడ్లలో దీన్నే సక్షన్ అంటారు, అలా రాసినా తప్పు లేదు. పెట్రోలు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, లోపలికి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి, పిస్టన్లు లాగే లాగుడుకు ఇన్‌టేక్ మానిఫోల్డులో, అంటే ఆ గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల్లో, పీల్పు ఏర్పడుతుంది. మంచి ఇంజనుకు గేజి పెట్టి చూస్తే అది సుమారు 17 నుంచి 22 అంగుళాల పాదరసం దాకా చూపిస్తుంది. ఆ పీల్పును సన్నని గొట్టాల ద్వారా డ్యాష్‌బోర్డులోని మీటకూ, అక్కడి నుంచి గాలి దారులను మార్చే చిన్న డయాఫ్రమ్ డబ్బాలకూ (పీల్పుకు కదిలే పొర ఉన్న డబ్బాలు) తీసుకువెళతారు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు థ్రాటిల్ తెరుచుకుని పీల్పు పడిపోతుంది. ఆ కాసేపూ గడవడానికి ఒక నిల్వ డబ్బా, పీల్పు వెనక్కి పోకుండా ఒక వన్ వే వాల్వు ఉంటాయి. ఆ వాల్వు పట్టు తప్పినా, డబ్బాకో గొట్టానికో చీలిక వచ్చినా, చిల్లుపడిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగబోయినట్లే అవుతుంది. అప్పుడు స్ప్రింగులు గాలిని ముందద్దం వైపు మళ్లిస్తాయి. పీల్పు పోయినా డ్రైవరుకు దారి కనబడాలన్న ఉద్దేశంతో తయారీదారులే అలా అమర్చారు. మీ తమ్ముడు చెబుతున్న లక్షణం అచ్చంగా ఇదే.

ఒక జాగ్రత్త. పాత డీజిల్ ఇంజన్లకు సాధారణంగా థ్రాటిల్ ఉండదు గనుక, పీల్పు కావలసిన చోట విడిగా పంపు పెడతారు. బండి పెట్రోలుదని మొదటి వాక్యంలోనే రాయకపోతే మీ మేనమామగారు ముందు ఆ పంపు సంగతే అడుగుతారు.

రెండవ జవాబు

క్రియ విషయంలో పై సభ్యులతో ఏకీభవిస్తాను. అయితే భాగాల పేర్లను మాత్రం తెలుగు చేయకండి. రేపు మీ తమ్ముడు దుకాణానికి వెళ్లి, పైన చెప్పిన వన్ వే వాల్వును ‘వాక్యూమ్ చెక్ వాల్వు’ అనే అడగాలి. గాలి దారిని మార్చే పలకను ఇంగ్లీషులో ‘డోర్’ అంటారు గాని, దాన్ని తలుపు అంటే చదివేవారికి బండి తలుపే స్ఫురిస్తుంది. తలుపు రెక్క అన్న మాట మనకు ఉండనే ఉంది కాబట్టి ‘రెక్క’ చాలు.

ఇంతకంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది, మీరు రాయకపోయినా ఇలాంటి ఫిర్యాదుల్లో వినబడే ‘ఏసీ పనిచేయడం లేదు’ అన్న వాక్యం. గాలే రావడం లేదా, వస్తున్నది చల్లగా లేదా, చల్లగా ఉన్నా కోరిన చోటికి రావడం లేదా అన్నది అందులో తేలదు. ఈ మూడింటికీ కారణాలు వేరు. ఫ్యాను అన్నిటికంటే ఎక్కువ వేగంలో మాత్రమే తిరుగుతుంటే ముందుగా అనుమానించవలసింది ఫ్యాను వేగం తగ్గించే బ్లోయర్ రెసిస్టరును, ఎందుకంటే ఆ ఒక్క వేగంలో కరెంటు దానితో పనిలేకుండా మోటారుకు చేరుతుంది. హీటరు పెట్టినా వేడి రాకపోతే ముందు ఇంజన్ చల్లారాక కూలెంట్ మట్టం చూడాలి. అది సరిగా ఉంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను ఆపే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందేమో, వేడి కూలెంట్‌తో క్యాబిన్ గాలిని వేడిచేసే హీటర్ కోర్ పూడిందేమో పరీక్షించాలి. హీటర్ కోర్‌కు ఉన్న రెండు గొట్టాల్లో ఒకటి వేడిగానూ మరొకటి చల్లగానూ ఉంటే రెండో అనుమానమే బలపడుతుంది. మీ తమ్ముడిది మూడో రకం ఫిర్యాదు. గాలి చల్లగానే ఉందంటున్నారు కాబట్టి గ్యాస్ నింపించడానికి డబ్బు పెట్టవద్దని ఆయనకు ఇప్పుడే చెప్పండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘రెక్క’, ‘పీల్పు’ తీసుకుంటున్నాను. ఎక్కడ పీలుస్తోందో కనుక్కోవడం గురించి పుస్తకంలో ‘హిస్’ శబ్దం వినమని ఉంది. దాన్ని ‘తుస్సుమనడం’ అనవచ్చునా?

మొదటి జవాబు ఇచ్చినవారు

అనకండి. తుస్సుమనేది గాలి పోతున్న టైరు. ఆ మాట రాస్తే మళ్లీ బయటికి పోయే గాలి కోసమే వెతుకుతారు. ‘ఇంజన్ నడుస్తుండగా మీట ఒక్కొక్క స్థానానికి తిప్పి, డ్యాష్‌బోర్డు వెనక గాలి పీల్చే సన్నని చప్పుడు వినబడుతుందేమో చూడు’ అని రాయండి. చప్పుడు దొరకకపోతే, బానెట్ ఎత్తి, ఫ్యానుకూ బెల్టుకూ చేతులు దూరంగా ఉంచి, వన్ వే వాల్వు దగ్గర ఇంజన్ వైపు గొట్టం ఊడదీసి కొసకు వేలు పెట్టి చూడమనండి. వేలిని లాగుతుంటే ఇంజన్ పీల్పు అక్కడిదాకా వస్తోందని అర్థం. లోపం వాల్వులోనో, అది దాటిన తరువాతనో ఉంది. లాగకపోతే ఆ గొట్టాన్నే మానిఫోల్డు దాకా తడిమి చూడాలి.